వారానికి ఒక సీసా దాటని ఇంటికి ఏ వైన్ క్లబ్బు సరిపోతుంది?

నమస్కారం. మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ఒంగోలు నుండి వెళ్ళి డల్లాస్ దగ్గర ఉంటున్న మీరిద్దరూ శుక్రవారమో శనివారమో రాత్రి భోజనంతో ఒక సీసా వైన్ తెరుస్తారు. చందా కడితే వైన్ సీసాలు ఇంటికి పంపే మూడు రకాల క్లబ్బుల ప్రకటనలు చూసి, వాటిలో ఏది మేలో తేల్చుకోలేక అడిగారు. వచ్చే సంవత్సరం చివరికి ఒంగోలు తిరిగి వచ్చేయాలనుకుంటున్నారు కనుక, ఇక్కడ కూడా అలాంటి ఏర్పాటు దొరుకుతుందా అన్నది రెండవ ప్రశ్న. నాది నెల్లూరు. అమెరికాలో ఒక వైన్ పంపిణీ సంస్థ కొనుగోళ్ల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి తిరిగి వచ్చాను. ఈ క్లబ్బులకు సరుకు ఎక్కడి నుండి వస్తుందో, ధర ఎలా కడతారో దగ్గర నుండి చూసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. మీలా అప్పుడప్పుడు తాగేవారు ఈ క్లబ్బులను సీసా ధరతో పోల్చడం మొదలుపెడితే తప్పు క్లబ్బులోనే చేరతారు. పెట్టెలు ఎంత వేగంగా వస్తాయి, ఆ వేగాన్ని మీరు తగ్గించుకోగలరా, వద్దనుకున్న రోజున ఎంత తేలికగా బయటపడగలరు అన్న మూడు విషయాలు ముందు చూడాలి. ధర సంగతి ఆ తర్వాత.

మీరు పంపిన మొదటి ప్రకటన మూడు నెలలకు పన్నెండు సీసాల క్లబ్బుది. మూడు నెలలంటే పదమూడు వారాలు, వారానికి ఒక సీసా లెక్కన పన్నెండు సీసాలు సరిగ్గా సరిపోయినట్లే కాగితం మీద కనిపిస్తుంది. కానీ మన ఇళ్ళలో ఆ లెక్క నిలవదు. కార్తీక మాసంలో మద్యం, మాంసం ముట్టని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ఒకరు అయ్యప్ప దీక్ష తీసుకుంటే నలభై ఒక్క రోజులు ఆ ఊసే ఉండదు. శనివారం పాటించేవారికి వారాంతంలో ఒక రాత్రి ముందే పోతుంది. అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి మూడు నెలలు ఉంటే సీసా బల్ల మీద పెట్టడానికి చాలామందికి మనసొప్పదు. ఇవన్నీ తీసివేస్తే మూడు నెలలకు మీరు నిజంగా తెరిచేవి ఎనిమిది సీసాలు ఉండవచ్చు. అంటే ప్రతి విడతలో నాలుగు మిగులుతాయి, సంవత్సరం తిరిగేసరికి పదహారు సీసాలు అటక మీదో బట్టల అలమరలోనో చేరతాయి. ఇలాంటి పెట్టెల్లో వచ్చే వైన్లలో అత్యధిక భాగం ఒకటి నుండి మూడేళ్ళలోపు తాగడానికి చేసినవే కనుక, దాచిపెడితే బాగుపడతాయన్న ఆశ పెట్టుకోనవసరం లేదు. వేసవిలో వేడెక్కే అలమరలో అయితే అంతకంటే ముందే రుచి పోతుంది.

మిగిలిన సీసాలకు ఇంకొక దారి కూడా ఉంది. ఇంట్లో ఉన్నాయి కదా అని శుక్రవారం నాటి సీసా బుధవారానికి కూడా పాకుతుంది. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. ఆ రోజులు చూసిన ఇంట్లో పెరిగినవాడిగా ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేను. ఎప్పుడు, ఎంత అన్న నిర్ణయం తాగేవారి చేతిలో ఉండాలి, పంపేవారి చేతిలో ఉండకూడదు. క్లబ్బు ఎంత మంచిదైనా, పెట్టె మీరు అడిగినప్పుడు మాత్రమే రావాలన్నది నా మొదటి షరతు.

ఇప్పుడు ఆ ప్రకటనలోని అంకెలు చూద్దాం. మొదటి పెట్టె 72 డాలర్లు, రవాణా 20 డాలర్లు అని మీరు రాశారు. పన్ను పక్కన పెడితే సీసా ఎనిమిది డాలర్లు కూడా పడలేదు కనుక చవకగానే ఉంది. రెండవ పెట్టె నుండి 170 డాలర్లు, రవాణా మళ్ళీ 20 డాలర్లు. మీ ప్రాంతంలో 8.25 శాతం అమ్మకపు పన్ను కలిపితే మొత్తం సుమారు 205 డాలర్లు అవుతుంది, అంటే సీసాకు 17 డాలర్లు. పన్నెండింటిలో నాలుగు మీకు నచ్చవనుకోండి, ఎవరో ఎంచిన కలగలుపు పెట్టెలో ఇది పెద్ద సంఖ్య కాదు. నచ్చిన ఎనిమిదింటి మీద ఆ 205 డాలర్లను పంచితే ఒక్కొక్కటి 25 డాలర్లు దాటుతుంది. అదే మీ ఊరి దుకాణంలో 18 డాలర్ల సీసాలు ఆరు కలిపి తీసుకుంటే, చాలాచోట్ల ఇచ్చే పది శాతం తగ్గింపు పోను, పన్నుతో కలిపి సీసా పదిహేడున్నర డాలర్లకు వస్తుంది. పైగా ఆ ఆరూ మీరు చూసి, అడిగి ఎంచుకున్నవి. ఏ క్లబ్బునైనా రెండవ పెట్టె ధరతోనే కొలవండి. మొదటి పెట్టె ధర మిమ్మల్ని లోపలికి రప్పించడానికి వారు పెట్టే ఖర్చు. దాన్ని తర్వాతి పెట్టెల మీదే రాబట్టుకుంటారు.

కొట్టివేసి చూపించే ధర గురించి కూడా చెప్పాలి. ప్రకటనలో 24.99 అని కొట్టివేసి, పక్కన 13.99 అని రాస్తారు. ఆ వైన్ మరే దుకాణంలోనూ అమ్మకానికి లేకపోతే ఆ 24.99 ఎవరు చెల్లించిన ధర అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. పెద్ద క్లబ్బులు పంపే సీసాల్లో చాలా భాగం వారికోసమే కట్టిన సొంత లేబుళ్ళు. అందులో మోసం ఏమీ లేదు, మంచి వైన్ కూడా అలా వస్తుంది, ఒక్కొక్కసారి పేరున్న వైనరీలో, అంటే వైన్ తయారుచేసే చోట, మిగిలిన సరుకే కొత్త పేరుతో వస్తుంది. అయితే ధరను పోల్చి చూసే మార్గం మూసుకుపోతుంది. సీసా వెనుక ఉన్న చిన్న అక్షరాలు కొంత సహాయం చేస్తాయి. అమెరికా నిబంధనల ప్రకారం ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉంటే అందులో కనీసం 75 శాతం వైన్‌ను ఆ సంస్థే పులియబెట్టి తయారుచేసి ఉండాలి. ‘సెల్లర్డ్’ అనో ‘వింటెడ్’ అనో ఉంటే అలాంటి హామీ లేదు, ఎక్కడో తయారైన వైన్‌ను తెచ్చి నిల్వచేసి సీసాలో నింపి ఉండవచ్చు. పది డాలర్ల సీసాకు ఇది పట్టించుకోనవసరం లేదు, పాతిక డాలర్లు అడిగేవారి దగ్గర తప్పకుండా చూడాలి.

రెండవ ప్రకటన ప్రశ్నలడిగి మీ అభిరుచిని కనిపెడతామనే క్లబ్బుది. ఫస్ట్‌లీఫ్, బ్రైట్ సెల్లర్స్ వంటివి ఈ పద్ధతిలో నడుస్తాయి. ఇలాంటి ప్రశ్నావళుల్లో కాఫీ ఎలా తాగుతారు, ఏ చాక్లెట్ ఇష్టం అన్న తరహా ప్రశ్నలుంటాయి. జవాబులను బట్టి సీసాలు పంపి, మీరిచ్చే మార్కులను బట్టి తర్వాతి పెట్టెను మారుస్తారు. సూత్రప్రాయంగా ఇది మీవంటివారికి అనుకూలమైన పద్ధతే. నాలుగైదు పెట్టెలకు ఓపికగా మార్కులు వేస్తే తప్ప ఫలితం కనిపించదు, అది ఒక ఇబ్బంది. అంతకంటే ముఖ్యమైనది, ముందుగా డబ్బు జమ చేయించుకునే ఏ సంస్థలోనైనా ఆ జమ భద్రమా అన్న ప్రశ్న. ఈ రంగంలో బాగా పేరు తెచ్చుకున్న విన్క్ అనే సంస్థ 2021 నవంబరులో స్టాక్ మార్కెట్టుకు వచ్చి, 2022 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. అందుకే ఏ క్లబ్బు ఖాతాలోనూ ఒక పెట్టె ఖరీదుకు మించి నిల్వ ఉంచవద్దని నా సలహా.

మూడవది నేకెడ్ వైన్స్ పద్ధతి. 2008లో బ్రిటన్‌లో మొదలైన ఈ సంస్థలో సభ్యులు నెలనెలా కొంత సొమ్ము, అమెరికాలో అయితే 40 డాలర్లు, తమ ఖాతాలో జమ చేస్తారు. ఆ సొమ్ముతో సంస్థ చిన్న తయారీదారులకు ముందుగా పెట్టుబడి పెడుతుంది, సభ్యులు తమకు కావలసినప్పుడు ఆ జమతో సభ్యుల ధరకు కొనుక్కుంటారు. పెట్టె దానంతట అది రాదు కనుక నా మొదటి షరతుకు ఇది దగ్గరగా ఉంది. వాడని జమను తిరిగి అడగవచ్చు. సీసా వెనుక ఫలానా తయారీదారు ఉన్నాడని తెలియడం, ఆ మనిషికి మీ అభిప్రాయం రాయగలగడం నాకు బాగా నచ్చే విషయాలు. కాని నెలకు 40 అంటే సంవత్సరానికి 480 డాలర్లు. మీరు కొనకపోయినా జమ పెరుగుతూనే ఉంటుంది, జమ పెరిగేకొద్దీ కొనాలన్న ఒత్తిడి కూడా పెరుగుతుంది. పైగా వారు చూపించే మార్కెట్టు ధర విషయంలో నేను పైన చెప్పిన జాగ్రత్తే ఇక్కడా అవసరం.

మీరు అడగని రెండు రకాలను కూడా ఈ పోలికలోకి తీసుకోవాలి. ఎందుకంటే నా దృష్టిలో మీకు ఎక్కువ సరిపోయేవి అవే. ఒకటి వైనరీ సొంత క్లబ్బు. టెక్సస్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ చుట్టూ ఉన్న హిల్ కంట్రీలో వైనరీలు చాలా ఉన్నాయి. వాటికి కావలసిన ద్రాక్షలో ఎక్కువ భాగం లబ్బక్ వైపు ఉన్న హై ప్లెయిన్స్ నుండి వస్తుంది. కాలిఫోర్నియా పేర్ల వెంట పడకుండా టెంప్రనీయో, ముర్వెద్ర్, వియోనియే వంటి వేడిని తట్టుకునే రకాలను అక్కడి రైతులు నిలబెట్టుకున్నారు. ఎండల్లో బత్తాయి, నిమ్మ తోటలను కాపాడుకునే మన రైతుల పట్టుదల ఎరిగినవారికి ఆ తోటలు తప్పకుండా నచ్చుతాయి. ఇలాంటి క్లబ్బుల్లో సంవత్సరానికి రెండు నుండి నాలుగుసార్లు మూడేసి లేదా ఆరేసి సీసాలు ఇస్తారు, తగ్గింపు సాధారణంగా పది నుండి ఇరవై శాతం, వెళ్ళినప్పుడు రుచి చూడటం ఉచితం. ఏడాదికి రెండుసార్లు కారులో వెళ్ళగలిగితే రవాణా ఖర్చు లేదు, ముందు రుచి చూసిన సీసానే ఇంటికి తెచ్చుకుంటారు. లోపం ఒక్కటే, ఒకే వైనరీ సరుకు కొన్నాళ్ళకు విసుగు పుట్టిస్తుంది. ఒక సంవత్సరం ఒక చోట, మరుసటి సంవత్సరం ఇంకొక చోట చేరితే ఆ విసుగు ఉండదు.

ఇంకొకటి మీ ఇంటి దగ్గరి వైన్ దుకాణం నడిపే నెలవారీ క్లబ్బు. రెండేసి సీసాలు పక్కన పెట్టి ఉంచుతారు, మీరు వెళ్ళి తెచ్చుకుంటారు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మనిషికి మనిషి చెప్పవచ్చు, మరుసటి నెల దుకాణదారు దాన్ని గుర్తుపెట్టుకుంటారు. నెలకు రెండు సీసాలు అన్న వేగం మీ ఇంటికి సరిగ్గా కుదురుతుంది. సభ్యత్వం ఎలా ఉండాలో చెప్పమంటే నేను బ్రిటన్‌లోని వైన్ సొసైటీని చూపిస్తాను. 1874లో సహకార పద్ధతిలో మొదలైన ఆ సంస్థలో ఒక్కసారి 40 పౌండ్లు పెట్టి వాటా కొంటే జీవితకాలం సభ్యులే, ఇన్ని కొనాలన్న నిర్బంధం ఏమీ లేదు. అమెరికాలో అలాంటిది మీకు అందుబాటులో లేకపోయినా, నిర్బంధం లేని సభ్యత్వం అన్న ఆ కొలతను మాత్రం ప్రతి క్లబ్బుకూ పట్టి చూడవచ్చు.

ఇక భోజనం సంగతి. క్లబ్బుల పోలికల్లో దీని గురించి రాసేవారు కనిపించరు కనుక కొంచెం వివరంగా రాస్తాను. ఈ పెట్టెల్లో సగానికి పైగా ముదురు ఎర్ర వైన్లు వస్తాయి, కాబర్నే సావిన్యోన్, మాల్బెక్, జిన్‌ఫండెల్ వంటివి, ఆల్కహాలు 14 నుండి 15 శాతం. కాల్చిన గొడ్డు మాంసం, చీజ్ తినే ఇంటికి అవి బాగుంటాయి. మన ఇంటి కూరతో అవి పడవు. కారం నాలుకను మండిస్తున్నప్పుడు ఆల్కహాలు ఆ మంటను ఇంకా పెంచుతుంది. ఎర్ర వైన్‌లోని వగరు కారంతో కలిస్తే చేదుగా, గరుకుగా మారుతుంది. చింతపండు పులుపు ముందు పులుపు తక్కువ వైన్ నీళ్ళలా చప్పబడిపోతుంది. కాబట్టి మనకు కావలసినవి పులుపు బాగా ఉండి, వగరు తక్కువై, ఆల్కహాలు తక్కువై, వీలైతే కాస్త తీపి తగిలే వైన్లు.

నెల్లూరు చేపల పులుసునే తీసుకోండి. మామిడికాయ ముక్కలు వేసి కొరమేనుతో కాచిన పులుసు, కాచిన రోజు కంటే మరునాడు బాగుంటుందని మీకు తెలిసినదే. దానితో జర్మనీ తెల్ల వైన్ రీస్లింగ్‌లో కాబినెట్ (తేలిక రకం) అని రాసి ఉన్న సీసాను ఫ్రిజ్‌లో నుండి తీసి పది నిమిషాలు బయట ఉంచి పోయండి. అందులో ఆల్కహాలు సాధారణంగా 8 నుండి 10 శాతమే ఉంటుంది. ముద్ద మింగాక ఒక గుక్క తీసుకుంటే ముందు చల్లదనం, వెంటనే ఆ కొద్ది తీపి కారాన్ని అణుస్తాయి. నిమ్మకాయ లాంటి పులుపు చింతపండుకు ఎదురు నిలుస్తుంది, నూనె తేలిన పులుసు జిడ్డు నాలుక మీద నుండి తుడిచిపెట్టుకుపోయి తర్వాతి ముద్దకు నోరు సిద్ధమవుతుంది. ఫ్రాన్స్‌లోని వూవ్రే నుండి వచ్చే, షెనిన్ బ్లాంక్ అనే కొద్ది తీపి తెల్ల వైన్ కూడా ఇదే పని చేస్తుంది. రొయ్యల ఇగురుకు రోజే అనే గులాబీ రంగు వైన్, తీపిలేనిది, బాగుంటుంది. గోంగూర మాంసంతో ఎర్ర వైనే కావాలంటే ఇటలీ బార్బెరా ప్రయత్నించండి, ఎర్ర వైన్లలో అంత పులుపు, అంత తక్కువ వగరు కలిసి ఉన్నవి తక్కువ. ఈ నాలుగు పేర్లను ప్రశ్నావళి చివర వ్యాఖ్య రాసే చోట స్పష్టంగా రాయండి. ఏ క్లబ్బు ఇలాంటివి పంపలేనంటుందో, లేదా అడిగాక కూడా మళ్ళీ కాబర్నేలే పంపుతుందో, అది మీ ఇంటికి పనికిరాదు.

రవాణా విషయంలో డల్లాస్ వేసవిని మర్చిపోకండి. వైన్ నిల్వకు 12 నుండి 14 డిగ్రీల సెల్సియస్ మంచిది. 30 డిగ్రీలు దాటి ఉంటే రుచి ఉడికినట్లు అయ్యే ప్రమాదం ఉంది. జూలైలో మధ్యాహ్నం వరకు డెలివరీ వాహనంలో తిరిగిన పెట్టె ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. సీసా చేతికి రాగానే మెడ దగ్గర చూడండి. బిరడా కొద్దిగా పైకి తన్నుకొచ్చినా, పైతొడుగు కింద జిగట కనిపించినా ఫోటో తీసి ఆ రోజే పంపి డబ్బు వాపసు అడగండి. వేసవిలో పెట్టెలను ఆపి ఉంచే సదుపాయం ఉందా, లేదా మంచు పొట్లాలతో పంపుతారా అని చేరకముందే అడగడం మంచిది. రెండవ చిక్కు సంతకం. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన వ్యక్తి గుర్తింపు పత్రం చూపి సంతకం చేస్తే తప్ప పెట్టె ఇవ్వరు, మీరిద్దరూ ఆఫీసుకు వెళ్ళేవారైతే అది డిపోకు తిరిగిపోతుంది. దగ్గరలోని మందుల దుకాణంలోనో కొరియర్ కేంద్రంలోనో దించమని ముందే చిరునామా ఇస్తే ఈ బాధ ఉండదు.

కొన్ని క్లబ్బులు మీ రాష్ట్రానికి పంపలేమనడానికి కారణం చట్టం. 1933లో అమెరికాలో మద్య నిషేధం ఎత్తివేసినప్పుడు మద్యం మీద అధికారం రాష్ట్రాలకు దక్కింది. 2005లో గ్రాన్‌హోమ్ కేసులో సుప్రీంకోర్టు, తన రాష్ట్రపు వైనరీలకు ఇంటికి పంపే వీలిచ్చి బయటి వైనరీలకు ఇవ్వకపోవడం చెల్లదని తీర్పునిచ్చింది. టెక్సస్ అప్పటి నుండి బయటి వైనరీలను అనుమతిస్తున్నది కాని, బయటి రాష్ట్రాల దుకాణాలను అనుమతించడం లేదు. న్యూయార్క్ దుకాణం క్లబ్బు ఎంత బాగున్నా మీకు అందదు, కాలిఫోర్నియా వైనరీ లైసెన్సు మీద నడిచే క్లబ్బు అందుతుంది. పోలిక మొదలుపెట్టేటప్పుడే మీ పిన్‌కోడ్ వేసి చూసుకుంటే సగం పేర్లు వాటంతటవే తొలగిపోతాయి.

బయటపడే దారి గురించి చివరిగా, కాని దీనికి ఎక్కువ విలువ ఇవ్వండి. చేరడం వెబ్‌సైటులో ఒక్క నిమిషం పని, మానడానికి మాత్రం ఫోను చేయాలి, అదీ పనివేళల్లోనే అనే క్లబ్బులు ఇప్పటికీ ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో, చేరినంత తేలికగా మానే వీలు కూడా ఉండాలని నిబంధన తెచ్చింది. 2025 జూలైలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. కనుక చట్టం కాపాడుతుందని ఊరుకోకుండా, కార్డు నంబరు ఇవ్వకముందే మానే పద్ధతి రాసి ఉన్న పేజీ తెరిచి చదవండి. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఒక విడత దాటవేయవచ్చా, దాటవేస్తే రుసుము ఉందా, తెరిచిన సీసా నచ్చకపోతే డబ్బు ఇస్తారా అన్న నాలుగింటికీ జవాబు అక్కడ దొరకకపోతే చేరవద్దు. చేరిన రోజునే తర్వాతి పెట్టె బయలుదేరే తేదీకి పది రోజుల ముందు ఫోనులో గుర్తు పెట్టుకోండి.

ఇవన్నీ చూశాక మీకు నా సలహా ఇది. మూడు నెలల పెట్టె క్లబ్బు వద్దు. ఇంటి దగ్గరి దుకాణంలో నెలకు రెండు సీసాల క్లబ్బు ఉంటే అందులో చేరి, పై నాలుగు రకాల పేర్లు దుకాణదారుకు చెప్పండి. అలాంటి దుకాణం దగ్గరలో లేకపోతే, ప్రతి విడతనూ ఆన్‌లైన్‌లో దాటవేసే వీలున్న ప్రశ్నావళి క్లబ్బును తీసుకుని మూడు పెట్టెల వరకు చూడండి. మూడవ పెట్టెలో సగం సీసాలైనా మళ్ళీ కొనాలనిపించకపోతే మానేయండి. నేకెడ్ వైన్స్ పద్ధతి నచ్చితే దాన్ని మూడవ ఎంపికగా ఉంచుకోండి, కాని మీరు దేశం వదిలే ఆలోచనలో ఉన్నారు కనుక నెలనెలా జమ చేసే ఏర్పాటు ఇప్పుడు మొదలుపెట్టమని చెప్పలేను.

ఒంగోలు వచ్చాక ఏమిటన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం మద్యం రాష్ట్రాల పరిధిలోనిది, ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ఇంటికి చేర్చే అమ్మకానికి అనుమతి లేదు. కనుక అమెరికాలోలా పెట్టె ఇంటికి వచ్చే క్లబ్బు ఒంగోలులో గాని నెల్లూరులో గాని కుదరదు. వేరే రాష్ట్రం నుండి కొరియర్‌లో పంపిస్తామని ఎవరైనా చెబితే దూరంగా ఉండండి, అది ఎక్సైజు చట్టానికి విరుద్ధం. 2019 నుండి కొన్నేళ్ళు దుకాణాలు ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేవి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు లైసెన్సుదారులకు ఇచ్చారు. ఏ సీసా దొరుకుతుందన్నది మీ వీధి దుకాణంవారు ఏం తెప్పిస్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది, అడిగితే తెప్పించేవారూ ఉంటారు.

దేశీయ వైన్లను తక్కువ చూపు చూడకండి. నాసిక్‌లో 1999లో మొదలైన సులా చేసే షెనిన్ బ్లాంక్‌లో కొద్ది తీపి ఉంటుంది, మన పులుసులకు అది అమెరికాలో మీరు కొనే చాలా సీసాల కంటే నయం. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి, బెంగుళూరు దగ్గర నంది కొండల కింద గ్రోవర్ జంపా ఉన్నాయి. హంపి కొండల దగ్గర క్రస్మా తోటను నాటింది మన తెలుగువారే, గ్రాన్యూల్స్ అనే ఔషధాల సంస్థ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. ఒంగోలులో అన్నిటికంటే పెద్ద ప్రశ్న వేడి. రోహిణి కార్తెలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే, దుకాణం వెనుక గదిలో ఏసీ ఉండదు. నవంబరు నుండి ఫిబ్రవరి మధ్య కొనండి. ఎండ తగిలే అద్దాల అరలో నిలబెట్టిన సీసా వద్దని అట్టపెట్టెలో నుండి తీయించుకోండి, బిరడా కంటే స్క్రూ మూత ఉన్నది ఎంచుకోండి, లేబుల్ మీద తయారైన సంవత్సరం చూడండి. తెల్ల వైన్ అయితే రెండేళ్ళు దాటినది తీసుకోవద్దు. ఇంటికి తెచ్చిన సీసాను ఎర్రదైనా సరే ఫ్రిజ్‌లోనే పెట్టండి, తాగే ముందు అరగంట బయట ఉంచితే సరిపోతుంది.

బయలుదేరే ముందు రెండు పనులు. ప్రయాణానికి మూడు నెలల ముందే క్లబ్బు మానేసి, ఖాతాలో జమ ఉంటే వాపసు తీసుకోండి. దేశం మారాక అమెరికా ఫోను నంబరు లేకుండా ఈ పని చాలా కష్టం, కార్డు మీద ఖర్చు మాత్రం పడుతూనే ఉంటుంది. వచ్చేటప్పుడు ఒక్కొక్కరికి రెండు లీటర్ల వరకు కస్టమ్స్ సుంకం లేదు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు మనిషికి రెండు. ఆ నాలుగింటిలో మూడు రీస్లింగ్ కాబినెట్, ఒకటి బార్బెరా తీసుకోండి, రెండూ మన దుకాణాల్లో దొరకడం కష్టం. వాటిని ఒక్కొక్కటిగా మందపాటి తువ్వాలులో చుట్టి, చెక్-ఇన్ పెట్టె మధ్యలో బట్టల నడుమ పెట్టండి. విమానాశ్రయంలో దిగాక ఒంగోలు చేరేవరకు ఆ పెట్టెను కారు డిక్కీలో ఎండకు వదిలేయకుండా, ఏసీ ఉన్న సీటు దగ్గర మీ కాళ్ళ పక్కన ఉంచుకోండి.